‘లోతు చాలలేదు’ అన్న రిమార్కు గురించి

పరీక్షల నియంత్రణాధికారి గారి సముఖమునకు,
పారామెడిక్ డిప్లొమా పరీక్షల విభాగం.

అయ్యా,

విషయం: తాడేపల్లిగూడెం కళాశాలలో పారామెడిక్ డిప్లొమా చదువుచున్న నా కుమార్తె షేక్ తరన్నుమ్‌కు సీపీఆర్ ప్రాక్టికల్ పరీక్షలో ‘లోతు చాలలేదు’ అని వ్రాసిన రిమార్కును సవరించుట గురించి, మరియు ఆమె సప్లిమెంటరీ పరీక్షను చప్పుడు చేయని బొమ్మపై జరిపించుట గురించి.

ఏలూరు పట్టణ కాపురస్తురాలు, దివంగత షేక్ మదార్ గారి భార్య, గృహిణి అయిన షేక్ సాబిరా అను నేను తమకు వినయపూర్వకంగా విన్నవించుకొనడమేమనగా:

ఇటువంటి అర్జీ విద్యార్థే స్వయంగా పెట్టుకోవాలని కళాశాలలో చెప్పారు. విద్యార్థి పెట్టుకోనంటోంది. గడువు నెలాఖరుతో ముగుస్తుందని ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది. అందువల్ల నేను రాస్తున్నాను.

స్వయంగా హాజరు కానందుకు మన్నించాలి. మా ఆచారం ప్రకారం భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉండాలి. అత్యవసరమైతే తప్ప గడప దాటకూడదు. ఇది అత్యవసరం కిందికి వస్తుందో రాదో నేను తేల్చుకోలేకపోయాను. కనుక రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను.

పెళ్లయినప్పటి నుంచి ఇంటి లెక్కలు, కొట్టు లెక్కలు నేనే రాస్తున్నాను. ఏ పద్దు ఏ పక్క రాయాలో నాకు ఎప్పుడూ సందేహం రాలేదు. ఈ సంగతి ఏ పక్క రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు వరుసలో పెడుతున్నాను.

1. నా కుమార్తె కొల్లేరు లంక గ్రామాల వైపు తిరిగే అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో రోగిని చూసుకునే మనిషిగా, ఐదేళ్లు పనిచేసింది. చేపల చెరువుల గట్ల మీద బండి వెళ్లని చోటికి స్ట్రెచర్ మోసుకుంటూ వెళ్లే ఉద్యోగం. అక్కడి నుంచి పారామెడిక్‌గా పైకి వెళ్లాలంటే కళాశాలలో చదివి డిప్లొమా తెచ్చుకోవాలి. ఆ చదువు కోసం ఆమె సెలవు పెట్టింది. డిప్లొమా వస్తే పై ఉద్యోగం. ఫలితం వచ్చే వరకు పాత చోటు ఖాళీగా ఉంచుతామని అంబులెన్సు ఆఫీసు వారు రాసిచ్చారు. ఫెయిలైతే అదీ ఉండదు, ఇదీ ఉండదు. ఇద్దరం ఆడవాళ్లం. మా ఇంటికి ఇక ఆ ఉద్యోగమే ఆధారం.

2. నా భర్త పరుపులు కుట్టేవారు. మాది దూదేకుల ఇల్లు. తాతల నాటి నుంచి అదే పని. పరుపు కుట్టడం పూర్తయ్యాక ఆయన రెండు అరచేతులూ దాని మధ్యలో పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కి చూసేవారు. ఎంత దిగాలో అంత దిగి, చేయి తీయగానే పైకి రావాలి. రాకపోతే విప్పి మళ్లీ కూరేవారు.

తరన్నుమ్ కళాశాలలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, పరీక్షలో సీపీఆర్ ఎలా చేయాలో మాకు చేసి చూపించింది. గుండె ఆగిన మనిషి ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, మోచేతులు వంచకుండా, రెండంగుళాలు దిగేలా నొక్కాలి. చేయి తీయగానే ఛాతీ పైకి రావాలి. ఆయన అంతా చూసి, “ఇదా, దీనికి తాడేపల్లిగూడెం దాకా ఎందుకమ్మా, మన కొట్లో కూర్చుంటే సరిపోయేది కదా” అన్నారు.

కళాశాలలో ఉన్న ఒక్క బొమ్మ దగ్గర ఎప్పుడూ పది మంది ఉంటారని తెలిసి, ఆయనే ఒక బొమ్మ కుట్టారు. పరుపు గుడ్డతో మొండెం, తల. లోపల కొబ్బరి పీచు, దాని పైన దూది. తన ఛాతీ మీద కూతురి చేయి పెట్టించుకుని, “ఇంత గట్టిగా ఉందా? ఇంకా కూరనా?” అని అడుగుతూ కూరారు. ఆ బొమ్మకు మా ఇంట్లో ‘అల్లుడు’ అని పేరు. పెట్టింది ఆయనే. పెళ్లి సంబంధాలు చూడమని నేను పోరుతుంటే, “ఉన్నాడుగా ఒకడు. ఎంత నొక్కినా నోరెత్తడు. ఇంతకంటే మంచోణ్ని తేగలవా సాబిరా?” అనేవారు. నా కుమార్తె పరీక్షకు సాధన చేసింది ఆ బొమ్మ మీద.

సదరు బొమ్మ నేటికీ మా వసారాలో ఉన్నది.

3. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక ఆయన వసారాలో దబ్బనం పట్టుకుని కూర్చుని పరుపు అంచు కుడుతున్నారు. దబ్బనం కింద పడిన చప్పుడు వినిపించింది. నేను వెళ్లేసరికి పక్కకు ఒరిగి ఉన్నారు. మా మరిది షఫీ కొట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. అతను అన్నను నేల మీద ఉండనివ్వలేదు. రెండు చేతులతో ఎత్తి, పక్కనే ఉన్న కొత్త పరుపు మీద పడుకోబెట్టి, తల కింద దిండు పెట్టాడు. భీమడోలు వాళ్ల పెళ్లి పరుపు అది. కొట్లో ఉన్నవాటిలో అన్నింటికంటే మెత్తనిది.

తప్పని నేను అనను. పరుపుల ఇంట్లో మనిషికి బాగోలేకపోతే ఎవరైనా చేసే పనే అది.

తరన్నుమ్ పెరట్లోంచి వచ్చి తండ్రి మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. “బాబాయ్, కిందికి దించు. పరుపు మీద కాదు” అంది. షఫీకి అర్థం కాలేదు. “గచ్చు మీద పడుకోబెడతావా మీ నాన్నని?” అన్నాడు. ఆమె రెండోసారి చెప్పలేదు. తండ్రి చంకల కింద చేతులు వేసి పరుపు మీది నుంచి గచ్చు మీదికి లాగేసింది. ఆయన మడమలు గచ్చుకు తగిలిన చప్పుడు విన్నాను. పరుపు మీద నొక్కితే పరుపు దిగుతుందే గాని ఛాతీ దిగదని ఆమె నాకు తరవాత చెప్పింది. అప్పటికి ఇంటి ముందు చేరినవారికి అది చెప్పే వ్యవధి లేదు. వారు చూసింది, కూతురు తండ్రిని పరుపు మీంచి లాగి నేల మీద పడేయడం.

ఆమె నొక్కడం మొదలుపెట్టింది. పైకి లెక్కపెడుతూ నొక్కింది. నేను ఆయన కుడి చేయి పట్టుకుని కూర్చున్నాను. కొద్ది సేపటికి ఒక చప్పుడు వచ్చింది. ఎండిన పుల్ల విరిగినట్టు ఉంది. ఆమె లెక్క ఆగలేదు. ఇంకొక చప్పుడు వచ్చింది. అప్పుడూ ఆగలేదు. అంబులెన్సు వచ్చింది. అందులో జయంత్ అనే అబ్బాయి, ఆమెతో పాటు పనిచేసినవాడే, గుండెకు షాకిచ్చే మిషను పెట్టాడు. ఆసుపత్రి దాకా ఇద్దరూ మార్చుకుంటూ నొక్కారు. అక్కడ డాక్టరు గారు ఇక చాలన్నారు. నా కుమార్తె చేతులు తీయలేదు. జయంత్ ఆమె మణికట్లు పట్టుకుని, “అక్కా, అయిపోయిందక్కా” అని మెల్లగా తీశాడు.

4. ఇంటికి తెచ్చాక మగవారు గుస్ల్ చేయించారు. అంటే ఆఖరి స్నానం. షఫీ, మసీదు నుంచి వచ్చిన పెద్దాయన కలిసి చేయించారు. చాటు కట్టిన దుప్పటి వెనక నుంచి షఫీ బయటికి వచ్చినప్పుడు చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. అందరూ ఉన్నారు. తరన్నుమ్ నా పక్కన కూర్చుని ఉంది. అతను ఆమె వంక చూసి, “చెయ్యేస్తుంటే లోపల ఎముకలు కదుల్తున్నాయమ్మా. ఛాతీ అంతా కమిలిపోయింది. మరీ అంత బలం ఎందుకు పెట్టావే?” అన్నాడు.

కోపంగా అనలేదు. ఏడుస్తూ అన్నాడు. అన్నను ఎత్తి పరుపు మీద పెట్టినవాడు, ఆ ఒళ్లు కడిగినవాడు అతనే. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. ఈ పేరాను అతని మీద ఫిర్యాదుగా నమోదు చేయవద్దని మనవి.

అయితే ఆ రోజు నుంచి నా కుమార్తె ఎవరినీ ముట్టుకోవడం లేదు. కూర తరుగుతుంది, బట్టలు ఉతుకుతుంది, నాకు అన్నం పెడుతుంది. గిన్నె నా చేతికి ఇవ్వదు, కింద పెడుతుంది. నేను తీసుకుంటాను. వసారాలో బొమ్మ మీద దుప్పటి కప్పింది.

5. అది జరిగిన నెలకు ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. ఆమె వెళ్లింది. పొద్దున రైలుకు స్టేషనులో దించడానికి ఆయన లేరు గనుక షఫీ బండి మీద దించాడు.

పరీక్షలో ఏమి జరిగిందో వాళ్ల టీచరు ప్రీతి మేడమ్ నాకు ఫోనులో చెప్పారు. కళాశాల బొమ్మకు లోపల ఒక స్ప్రింగు ఉంటుందట. నొక్కుడు సరైన లోతుకు దిగినప్పుడు అది ‘టక్’ మంటుంది. విద్యార్థికి తెలియడానికి అలా పెట్టారు. నా కుమార్తె మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు సరిగ్గా పెట్టింది. మొదటిసారి నొక్కింది. ‘టక్’ మంది. ఆమె చేతులు తీసేసింది. ఎగ్జామినరు గారు కొనసాగించమన్నారు. మళ్లీ పెట్టి నొక్కింది గాని, చప్పుడు రాకుండా పైపైన నొక్కింది. టైము అయ్యేదాకా అలాగే, చప్పుడు వచ్చే లోతుకు కొంచెం ఇవతలే ఆపుతూ నొక్కింది. ప్రీతి మేడమ్ అన్నారు: “సాబిరా గారూ, చప్పుడు రానివ్వకుండా ప్రతిసారీ అక్కడే ఆపడం చాలా కష్టమండీ. ఎంత దిగితే ‘టక్’ మంటుందో తెలిసిన మనిషి తప్ప ఎవరూ చేయలేరు.”

ఎగ్జామినరు గారికి మా ఇంటి సంగతి తెలియదు. ఆయన చూసింది ఆయన రాశారు. ‘లోతు చాలలేదు.’

6. ఈ అంశం అర్జీకి అవసరమా అని నాకు కొంత సందేహం ఉంది. అయినా పొందుపరుస్తున్నాను.

పోయిన వారం కొల్లేరు వైపు నుంచి వెంకట్రాజు గారని ఒకరు మమ్మల్ని పలకరించడానికి వచ్చారు. చేపల చెరువు కాపలా చేస్తారు. రెండేళ్ల క్రితం, ఆమె ఇంకా అంబులెన్సులో పనిచేస్తుండగా, చెరువులో నీళ్లు చిలికే ఏరేటరుకు వెళ్లే కరెంటు తీగ తడి చేత్తో పట్టుకుని పడిపోతే, గట్టు మీద నా కుమార్తె నొక్కి లేపిన మనిషి. ఆయన వసారాలో షఫీ ఎదురుగా కూర్చున్నారు. ఇద్దత్‌లో ఉన్నాను గనుక నేను తెర వెనకే ఉన్నాను. తరన్నుమ్ మంచినీళ్లు తెచ్చి కింద పెట్టింది. ఆయన సంచిలోంచి రెండు కొర్రమీనులు తీసి, “చచ్చిపోలేదండీ ఇంకా, నాలాగా మొండివి” అన్నారు. తర్వాత ఏం మాట్లాడాలో తెలియక కాబోలు, తన సంగతే చెప్పారు.

“మీ అమ్మాయి నాయి మూడెముకలు విరిచేసిందండీ. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతాదండి, ‘నిన్ను లొంగదీసింది ఆ పిల్లొక్కతే’ అని. తుమ్మొస్తే చాలు, గుర్తొస్తాదండి ఈవిడ.”

షఫీ మంచినీళ్లు ఆయన వైపు జరిపాడు. తర్వాత, “విరిగినప్పుడు నొప్పి తెలిసిందా అండీ?” అని అడిగాడు.

“అప్పుడేం తెలుత్తాదండీ? లేచాక తెలిసింది. లేచాను గాబట్టి తెలిసింది” అన్నారు వెంకట్రాజు గారు.

గుస్ల్ తర్వాత షఫీ తరన్నుమ్‌ను అన్న మాట ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. షఫీ లేచి ఆయనను బస్సు దాకా దింపి వచ్చాడు. తిరిగి వచ్చి వసారాలో బొమ్మ మీది దుప్పటి తీసి, మడిచి, పక్కన పెట్టాడు. తరన్నుమ్ చూసింది. దుప్పటి మళ్లీ కప్పలేదు. అలాగని బొమ్మ దగ్గరకూ వెళ్లలేదు.

7. పై కారణముల రీత్యా ఈ క్రింది కోరికలను తమ పరిశీలనకు సమర్పించుకొనుచున్నాను.

(అ) సప్లిమెంటరీ పరీక్షను ‘టక్’ మనని బొమ్మ మీద జరిపించాలి. స్ప్రింగు తీస్తే బొమ్మ పాడవుతుందని కళాశాలలో అన్నారు. అటువంటప్పుడు మా ఇంట్లోని బొమ్మను పంపడానికి సిద్ధంగా ఉన్నాము. షఫీ రైల్లో తీసుకువస్తాడు. లోతు తెలియడానికి అందులో ఏ ఏర్పాటూ లేదు. కాని ఎగ్జామినరు గారు ఒకసారి తమ చేతులతో నొక్కి చూస్తే అది మనిషి ఛాతీలా ఉందో లేదో వారికే తెలుస్తుంది. కూరిన మనిషి పనితనం మీద ఏలూరులో ఎవరూ ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. బొమ్మను బల్ల మీద గాని పరుపు మీద గాని కాక, నేల మీద పెట్టించవలెనని ప్రత్యేకంగా మనవి.

(ఆ) అది వీలుకాని పక్షంలో, ఆ ఆదివారం మధ్యాహ్నం మా వసారాలో ఆమె చేసినదానినే ఆమె పరీక్షగా పరిగణించాలి. పరీక్షకు ఎగ్జామినరు ఉండాలన్నది నిబంధన. ఎగ్జామినరు లేరు. నేను ఉన్నాను. లోతు విషయంలో సాక్ష్యం అడుగుతారు గనుక సమర్పిస్తున్నాను: నా భర్త ఎడమ వైపు పక్కటెముకలు రెండు. అవి విరిగిన చప్పుడు నేను విన్నాను. విరిగి ఉండగా చేత్తో తాకినవారు ఇద్దరు, వారు వచ్చి చెబుతారు. పైపైన నొక్కితే ఎముక విరగదని తమకు నేను చెప్పనవసరం లేదు. అసలు సాక్ష్యాన్ని తమ ముందు ఉంచడం ఇప్పుడు సాధ్యపడదు. ఖననం అయిపోయింది.

(ఇ) పై రెండూ నిబంధనలకు విరుద్ధమైతే, మార్కులు ఇవ్వకపోయినా సరే. ఫెయిల్ అనే ఉంచండి. ‘లోతు చాలలేదు’ అన్న మాట ఒక్కటి కొట్టివేసి, ‘చేయలేదు’ అని గాని, ‘చేయలేకపోయింది’ అని గాని రాయించండి. చాలలేదన్నది నిజం కాదు. చాలలేదని కాగితం మీద ఉంటే, ఇంకా గట్టిగా నొక్కి ఉంటే ఆయన బతికేవారని ఆమె అనుకుంటుంది. ఎక్కువైందని బంధువులు అన్నారు. చాలలేదని కళాశాల వారు రాశారు. రెండూ ఒకే చేతుల గురించి. ఆ రెండింటి మధ్య నా కుమార్తె ఎక్కడ నిలబడాలో నాకు తెలియడం లేదు.

ఆమె వయసు ఇరవై ఏడు. లంక గ్రామాల్లో ఇవాళా ఎవరో ఒకరు తడి చేత్తో తీగ పట్టుకుంటారు. అప్పుడు వచ్చే బండిలో ఆమె ఉండాలని నా కోరిక. తల్లిగా కూడా అదే కోరిక.

కావున పై సంగతులన్నీ తాము చిత్తగించి, మాకు తగిన ఉత్తర్వులు దయచేయించవలెనని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
షేక్ సాబిరా
ఏలూరు.

తా.క.: కవరు అంటించాక మళ్లీ విప్పి ఇది రాస్తున్నాను. నిన్న నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే తరన్నుమ్ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. “అమ్మా, నాన్నకి నొప్పి తెలిసిందా?” అని అడిగింది. లేదన్నాను. వెంకట్రాజు గారు చెప్పారు కదా అన్నాను. “ఆయన లేచిన మనిషి. లేవనివాళ్ల సంగతి ఆయనకేం తెలుసు? నువ్వు చెయ్యి పట్టుకున్నావుగా, నువ్వు చెప్పు” అంది. లేదని మళ్లీ చెప్పాను.

రెండో ఎముక విరిగినప్పుడు నా చేతిలో ఆయన వేళ్లు ఒకసారి బిగిశాయి. ఒక్కసారే. తర్వాత వదులయ్యాయి. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తమ విభాగంలో డాక్టర్లు ఉంటారు. గుండె ఆగిన మనిషికి బయటి నుంచి నొక్కుతున్నప్పుడు, ఆ నొక్కుడు వల్లనే, నొప్పి ఏమీ తెలియకుండానే, వేళ్లు అలా బిగుస్తాయా? బిగుస్తాయనే అయితే, దయచేసి ఆఫీసు కాగితం మీద, సీలు వేసి, తండ్రికి నొప్పి తెలియలేదని తరన్నుమ్ పేరు మీద ఒక ముక్క రాయించండి. నా మాట కంటే సీలు ఉన్న కాగితాన్ని ఆమె నమ్ముతుంది.

జవాబు అది కాకపోతే ఏమీ రాయవద్దు. పరీక్ష గురించి కూడా రాయవద్దు. ఈ అర్జీ మీకు చేరలేదనే అనుకోండి. రసీదులు పారేయడం నాకు అలవాటు లేదు. పోస్టాఫీసు వారిచ్చే రసీదు ఈ ఒక్కసారికి పొయ్యిలో వేసేస్తాను.